నవ్వుతోంది కదా, ఇంకేం జబ్బు?

తల పక్కల కుచ్చుల్లాంటి మొప్పలతో నీటిలో బతికే, బల్లిలాంటి ఉభయచరం ఆక్సోలాటల్. దాన్ని పెంచుకునేవారికి పశువైద్యుడితో పని లేదు, థర్మామీటరుతో పని లేదు, నీటి పరీక్షతో అసలే పని లేదు. "చూడండి, ఎంత హాయిగా నవ్వుతోందో!" అన్న ఒక్క వాక్యంతో రోగ నిర్ధారణ పూర్తయి, రోగం లేదని తేలి, ఆ శుభవార్త వీడియో రూపంలో లోకమంతటికీ చేరిపోతుంది. ఇంత సులువైన వైద్య విధానాన్ని ఇన్నాళ్ళూ పట్టించుకోనందుకు వైద్యలోకం సిగ్గుపడాలని మనవి చేస్తూ, దాని మహిమను నలుగురికీ తెలియజేయడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

ఈ విధానానికి చిన్న ఇబ్బంది ఒక్కటే ఉంది. ఆక్సోలాటల్ నోరు పుట్టుకతోనే వెడల్పుగా, కొనలు పైకి తిరిగి ఉంటుంది. కడుపు నిండినా అదే నోరు, పది రోజులు తిండి మానేసినా అదే నోరు. చచ్చి తేలిన తరువాత కూడా ఆ నవ్వు చెక్కుచెదరదు. ఆ లెక్కన మృత్యువును ఇంత సంతోషంగా ఆహ్వానించే జీవి సృష్టిలో మరొకటి లేదని ఒప్పుకోవలసిందే.

నమ్మనివారు ఏదైనా ఒక ఇంట్లో జరిగే ప్రదర్శనకు వెళ్ళి చూడవచ్చు. కొత్త ట్యాంకు, అడుగున రంగురంగుల గులకరాళ్ళు, మధ్యలో ప్లాస్టిక్ కోట, పైన కళ్ళు బైర్లు కమ్మే నీలి దీపం. యజమానిగారు చేయి చాచి వ్యాఖ్యానం మొదలుపెడతారు. "కన్నార్పకుండా మనల్నే చూస్తోంది" అంటారు. ఆర్పడానికి దానికి రెప్పలే లేవు, చీకటిని కోరుకునే ఆ జీవి వెలుగును తప్పించుకునే దారి లేక చూస్తోంది. ఫిల్టరు నుంచి వచ్చే నీటి ధాటికి మొప్పలు ముందుకు ముడుచుకుపోతే, "చెవులు రిక్కించి మన మాటలు వింటోంది" అంటారు. తోక కొన వంకీ తిరిగితే సిగ్గుపడుతోందట. అద్దం వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా తిరుగుతుంటే వ్యాయామం చేస్తోందట. తిండి ముట్టకపోతే మితాహారి. మొప్పల మీద తెల్లటి దూదిలా బూజు పడితే "ముద్దుగా బొచ్చు వస్తోంది". చివరికి కడుపులో గాలి నిండి, వెనుక భాగం పైకి లేచి, కిందికి దిగాలని కాళ్ళు కొట్టుకుంటూ దిగలేక నీటి మీద తేలుతున్నప్పుడు, చూడవచ్చినవారందరూ ఫోన్లు పైకెత్తుతారు. ఎందుకంటే అది శీర్షాసనం వేస్తోంది. చప్పట్లు మోగుతాయి. ఎవరో ఒకరు అద్దం మీద వేళ్ళతో టకటకా కొడతారు. అది ఉలిక్కిపడి గోడకు గుద్దుకుంటుంది. "హాయ్ చెప్పింది!" అని యజమానిగారు ప్రకటిస్తారు.

ఆ శీర్షాసనం వెనుక ఒక్కోసారి మలబద్ధకం ఉంటుంది, ఒక్కోసారి ఆ రంగురాళ్ళే ఉంటాయి. ఆక్సోలాటల్ ఆహారాన్ని నమిలి తినదు; నోరు చటుక్కున తెరిచి నీటితో సహా లోపలికి లాగేసుకుంటుంది. వానపాముతో పాటు దాని పక్కనున్న రాయీ వెళుతుంది, వెళ్ళిన రాయి పేగుకు అడ్డం పడుతుంది. అడుగును ఖాళీగా వదిలేస్తే ఈ బాధ ఉండదు గానీ, ఖాళీ అడుగు వీడియోలో అందంగా రాదట. నీటి సంగతి మరీ సొగసైనది. ఈ జీవి వదిలే అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఫిల్టరులో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 8 వారాలు పడుతుంది. యజమానిగారు మాత్రం ట్యాంకు కొన్న సాయంత్రమే దానిచేత అందులో కాపురం పెట్టిస్తారు. నీరు తేటగా ఉంది కదా అంటారు. అమ్మోనియాకు రంగు ఉండదన్న సంగతి మొప్పల పోగులు దెబ్బతిని కుంచించుకుపోయేదాకా ఆయనకు తట్టదు.

ఇక వేడి. ఈ జీవి సొంత నేల మెక్సికో నగరంలోని షోచిమిల్కో, సముద్ర మట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న చల్లని నీరు. దానికి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ హాయి. 20 దాటితే ఇబ్బంది. 24 దాటితే ఆకలి చచ్చి, రోగనిరోధక శక్తి తగ్గి, బూజుకు తలుపులు బార్లా తెరుచుకుంటాయి. థర్మామీటరు పెట్టమంటే యజమానిగారు చూపుడు వేలు ముంచి, "చల్లగానే ఉంది" అని తీర్పు చెబుతారు. 37 డిగ్రీల ఒంటికి 26 డిగ్రీల నీరు చల్లగా కాక మరెలా తగులుతుంది? చేపల ట్యాంకుతో పాటు వచ్చిన హీటరు వృథాగా పోవడం దేనికని దాన్నీ తగిలించే మహానుభావులు ఉన్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. "కాలు పోతే ఏం, మళ్ళీ మొలుస్తుందిలే" అన్న మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రావడం లేదు. ఆక్సోలాటల్ పిల్లలను ఇరుకు తొట్టిలో గుంపుగా కుక్కి, చాలీచాలని తిండి వేస్తే, కదిలేదల్లా ఆహారంగానే తోచి ఒకదాని కాలు మరొకటి కొరికేస్తుంది. కాలు మళ్ళీ మొలుస్తుంది, నిజమే. ఈ విద్య కోసం కూడా శాస్త్రవేత్తలు తరతరాలుగా దాన్ని ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. అయితే అది మొలవడానికి వారాలు, నెలలు పడుతుంది. అంతకాలమూ చల్లని నీరు, శుభ్రమైన నీరు, కడుపు నిండా తిండి ఉండాలి. అవి మీరు ఇవ్వలేదు గనుకనే కదయ్యా కాలు పోయింది! తెగిన చోట బూజు పట్టి కుళ్ళుతుంటే, మొలుస్తుందిలే అని చేతులు దులుపుకోవడానికి మీకు నోరెలా వచ్చింది? సొంత చెరువుల్లో దాదాపు అంతరించిపోయి, జాగ్రత్తగా చూసుకుంటే తొట్టిలో 10 నుంచి 15 ఏళ్ళు బతకగల జీవిని తెచ్చి, ఏడాది తిరక్కుండా చంపుకుంటున్నారు. అది అరవలేదు, మూలగలేదు, ముఖం చిట్లించలేదు. ఆ ధైర్యమే కదా మీది?

జబ్బు పడినప్పుడు ముందుగా చేయవలసినది బ్రహ్మవిద్యేమీ కాదు. దాన్ని విడిగా ఒక ప్లాస్టిక్ డబ్బాలో, క్లోరిన్ తొలగించిన చల్లని నీటిలో, వెలుగు పడకుండా ఉంచి, రోజూ నీరంతా మార్చి, ఉభయచరాల గురించి తెలిసిన పశువైద్యుడికి చూపించాలి. ఈ మాట చెప్పినప్పుడు యజమానిగారు చాలాసేపు గంభీరంగా ఆలోచించి అడిగే సందేహం ఒక్కటే: డబ్బా మూత పారదర్శకంగా ఉండవచ్చునా, లోపల చిన్న దీపం పెట్టుకోవచ్చునా అని.