స్లైడర్ జరిపితే ఇంటిగ్రేషన్ వచ్చేయదు

"జియోజీబ్రా, డెస్మోస్ ఉండగా ఇంటిగ్రేషన్ ఎవరికి కావాలి?" అంటూ ఐదు పాయింట్ల మెసేజ్ ఒకటి ఊరేగుతోంది. ఆ రెండూ గ్రాఫులు గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు; స్లైడర్ అనే మీటను జరిపితే అంకె మారి, దాంతోపాటు బొమ్మా మారుతుంది. లెక్కలు తెలిసిన మనిషినని కాబోలు, అందరూ నాకే పంపుతున్నారు. పైగా కింద ఓ దండం బొమ్మ. ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక లేదు కాబట్టి అందరికీ కలిపి ఇదే జవాబు.

ఒకటో పాయింటు: న్యూటన్ దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ ఉండుంటే ఫార్ములాల జోలికే పోయేవాడు కాదట. మరి ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏముందనుకున్నారు, మంత్రమా? పదండి ముందుకు.

రెండు: "ఇంటిగ్రల్ అంటే గ్రాఫ్ కింద రంగు పడిన వైశాల్యం, అంతే." సైన్ గ్రాఫ్ ఒక పూర్తి అల గీసి చూడండి. రంగు పడిన వైశాల్యం 4. ఇంటిగ్రల్ సున్నా. అక్షానికి దిగువన ఉన్నది మైనస్ అని ఆ మెసేజ్ రాసినాయనకు ఎవరూ చెప్పలేదు పాపం.

మూడోదే అసలు రోగం. "దీర్ఘచతురస్రాలు పెంచేకొద్దీ జవాబు దగ్గరవుతూనే ఉంటుంది. కళ్లెదుట కనిపిస్తుంటే రుజువెందుకు?" గ్రాఫ్ కింది చోటును సన్నటి నిలువు దీర్ఘచతురస్రాలుగా కోసి, వాటి వైశాల్యాలు కూడటం గురించి ఈ మాట. దీనికి సాక్ష్యంగా ఎక్స్ స్క్వేర్ వీడియో తగిలించారు. సున్నా నుంచి 1 దాకా, ఎడమ అంచు ఎత్తుతో పది ముక్కలు వేస్తే 0.285, వంద వేస్తే 0.32835. అసలు జవాబు మూడో వంతు. బాగానే ఉంది, ఎందుకంటే ఎక్స్ స్క్వేర్ మహా బుద్ధిమంతురాలు.

ఇప్పుడు నేను చెప్పింది వేయండి: సైన్ (10πx), దాని వర్గం. సున్నాకీ 1కీ మధ్య ఒకేలాంటి పది గూనులు వస్తాయి, ప్రతి పదో వంతు దగ్గరా గ్రాఫ్ అక్షాన్ని తాకుతుంది. సగటు ఎత్తు సగం, కాబట్టి ఇంటిగ్రల్ 0.5. ఎడమ అంచు పద్ధతే పెట్టుకుని స్లైడర్‌ని 9 మీద ఉంచండి. 0.5, సరిగ్గా వచ్చింది. ఒక్క ముక్క పెంచి 10 చేయండి. దీర్ఘచతురస్రాలన్నీ నేలకు అతుక్కుపోయాయి, మొత్తం సున్నా! 11 చేస్తే మళ్లీ 0.5. ఇంకో తమాషా ఉంది. 10 మీదే ఉంచి, ఎత్తులు ఎడమ అంచు దగ్గర కాకుండా ముక్క మధ్యలో తీసుకోండి. ఈసారి 1 వస్తుంది. అవే పది ముక్కలు, ఒకసారి సున్నా, ఒకసారి 1. ఏ బొమ్మను నమ్ముతారో మీ ఇష్టం. చివరికి అంతా 0.5 దగ్గర కుదురుకుంటుందని హామీ ఇచ్చేది మీరు అక్కర్లేదన్న ఆ రుజువే.

అనంతం దాకా వెళ్లే ఇంటిగ్రల్స్ దగ్గర ఈ "కళ్లెదుట" వాదం పూర్తిగా బోల్తా పడుతుంది. 1/ఎక్స్ ఒకటి, కింద ఘాతం 1.01 చేసింది ఇంకొకటి, రెండూ కలిపి గీయండి. ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టుంటాయి. 1 నుంచి పది లక్షల దాకా వైశాల్యం మొదటిదానికి 13.8, రెండోదానికి 12.9. ఇంకేం, రెండూ ఒకటే కదా? కాదు. మొదటిది పెరుగుతూనే పోతుంది, ఆగదు. రెండోది 100 దాటదు. కానీ అందులో సగమైన 50కి చేరాలన్నా 1 పక్కన 30 సున్నాలు పెట్టినంత దూరం దాటాలి. 99కి అయితే 200 సున్నాలు. స్క్రీన్ కాస్త పెద్దదైతే కనిపిస్తుందేమో, ప్రయత్నించండి! కాగితం మీద ఈ తేడా రెండు లైన్ల పని.

నాలుగు: "సాఫ్ట్‌వేర్ ఇచ్చేదే ఖచ్చితమైన జవాబు." గ్రాఫ్ పక్కన కనిపించేవి దశాంశాలు. 1.7724538 అని చూసి అది π వర్గమూలమని మీరు పోల్చుకుంటారా? జియోజీబ్రాలో బీజగణితం కోసం కాస్ అని వేరే విభాగమే పెట్టారు. బొమ్మ ఒక్కటే చాలదని దాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసు, ఫార్వర్డ్ చేసేవాళ్లకే తెలియదు.

ఐదు: "ఫార్ములాలు బట్టీ పట్టించేముందు పిల్లలకు బొమ్మ చూపించండి." దీంతో నాకు పేచీ లేదు. పేచీ లేకపోవడమేమిటి, పై నాలుగు చెత్త పాయింట్ల కింద దీన్ని పాతిపెట్టినందుకే నా కోపమంతా. సైన్ గ్రాఫ్ మీద పై అవధికి, అంటే ఎక్కడిదాకా కూడాలో ఆ చివరకు, స్లైడర్ పెట్టి, అప్పటిదాకా పోగైన విలువ కిందనే ఇంకో గ్రాఫ్‌గా గీసుకుంటూ పోయేలా చేయండి. పై గ్రాఫ్ ఎత్తుగా ఉన్నచోట కిందది నిటారుగా ఎక్కుతుంది. పైది అక్షాన్ని దాటి దిగువకు జారిన చోటే కిందది శిఖరం చేరి వెనక్కి తిరుగుతుంది. ఇంటిగ్రేషన్‌కీ డిఫరెన్సియేషన్‌కీ ఉన్న చుట్టరికం బోర్డు మీద సుద్ద అరగదీసినా ఇంత తేటగా రాదు. తర్వాత కింది అవధిని, అంటే కూడటం మొదలుపెట్టే చోటును కూడా జరపండి. కింది గ్రాఫ్ మొత్తం పైకో కిందికో కదులుతుంది, ఆకారం మాత్రం ఇసుమంతైనా మారదు. జవాబు చివర ప్లస్ సీ (ఏదో ఒక స్థిరాంకం) రాయలేదని మార్కు కోసేసే మాస్టార్లు ముందు ఈ ఒక్కటి చూపించి, ఆ తర్వాత కోసుకోవచ్చు.