ప్రేషిత కార్యం పార్కింగ్ వరకే

ప్రపంచ కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న గృహస్థ క్రైస్తవుల ప్రేషిత కార్యంపై (సువార్త సేవపై) ఒక డిక్రీ వెలువరించి, ఆ సేవ గురువులకూ (ఫాదర్లకూ) కన్యస్త్రీలకూ మాత్రమే అప్పగించిన పని కాదని, జ్ఞానస్నానం పొందిన ప్రతి ఒక్కరిదీ అని తేల్చిచెప్పింది. ఆ మాటను ఉన్నదున్నట్టుగా పాటిస్తే సంసారాలు ఏమవుతాయో మహాసభ పితరులు ఊహించి ఉండరు. బెంగళూరులోని మన తెలుగు కతోలిక కుటుంబాలు మాత్రం ఊహించి, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాయి.

విశ్వాసానికి హద్దులు గీయడం వీటిలో మొదటిది. గురువారం వివేక్‌నగర్ బాలయేసు దేవాలయం, సెప్టెంబరు 8న శివాజీనగర్ మరియమాత బసిలికా పండుగ, ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళు, కారు డ్యాష్‌బోర్డు మీద మరియతల్లి స్వరూపం. ఆ తల్లి వింటుండగానే అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎదుటివాడి తల్లిని స్మరించుకుంటాము. 2008లో పదహారవ బెనెడిక్ట్ పాపుగారు పూజ (మాస్) ముగింపుకు కొత్త పలుకులు చేర్చి, జీవితంతో ప్రభువును మహిమపరుస్తూ వెళ్ళమన్నారు. గురువు ఆ మాట పలికే వేళకు మనలో చాలామంది పార్కింగ్‌లోనే ఉంటారు. వెళ్ళమనకముందే వెళ్ళేంతటి విధేయత మరే విచారణలోనూ (పారిష్‌లోనూ) కనబడదు.

ఆఫీసు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విభూది బుధవారం నుదుటి బూడిదను లిఫ్టులోనే తుడిచేస్తాము, మతాన్ని ఉద్యోగంలోకి తేకూడదు కనుక. కిందివాడు చేసిన పనిని అప్రైజల్‌లో మన ఖాతాలో రాసుకోవడం మతానికి సంబంధించిన విషయమే కాదు.

చిక్కల్లా ఇంటి దగ్గరే. అదే డిక్రీ ఎనిమిదవ భాగంలో, న్యాయంగా చెల్లించవలసినదాన్ని దానంగా ఇస్తున్నట్టు చూపకూడదన్న హెచ్చరిక ఉంది. (ఇలాంటి వాక్యాలు ఎవరూ చదవని చోట ఉండటం దైవకృపే.) అనంతపురం నుంచి వచ్చి మన అపార్ట్‌మెంట్‌లో మూడిళ్ళు చేసుకునే మనిషి జ్వరంతో మానేసిన రోజులకు జీతం కోస్తాము, క్రిస్మస్‌కు కేకు ముక్కా పాత చీరా ఇచ్చి ఫొటో తీసుకుంటాము. కోసిన డబ్బుతో పోలిస్తే చీర ఖరీదు తక్కువే గానీ, ఫొటో కుటుంబ ప్రార్థన గ్రూపులో చక్కగా కుదిరింది. ఆమె సరుకుల లిఫ్టులోనే రావాలన్న నియమానికి మాత్రం మనం బాధ్యులం కాము. అది అసోసియేషన్ తీర్మానం, మనం చేయి మాత్రమే ఎత్తాము.

పెళ్ళి సంబంధాల దగ్గర మన జాగ్రత్త పరాకాష్ఠకు చేరుతుంది. క్రీస్తునందు యూదుడని, గ్రీకువాడని భేదం లేదని పౌలుగారు గలతీయులకు రాశారు. రెడ్డి, కమ్మ, మాల, మాదిగ అని ఆయన విడివిడిగా పేర్కొనలేదు గనుక ఆ ఉత్తరం మనకు వర్తించదు. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారతపై ఒక విధానమే ప్రకటించింది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయినప్పుడు, దళితులలో ఆ పదవి పొందిన మొదటివారు మన తెలుగువారేనని గర్వంగా అందరికీ ఫార్వర్డ్ చేసిన వేలితోనే, సంబంధాల గ్రూపులో "అమ్మాయి కతోలికే, మరి మనవాళ్ళేనా అండీ?" అని టైపు చేశాము. జ్ఞానస్నానపు నీళ్ళు తల మీద పోశారు; కులం లోపలెక్కడో పొడిగానే ఉండిపోయింది.

అలాగని వేదవ్యాప్తిని (సువార్త ప్రచారాన్ని) నిర్లక్ష్యం చేశామని ఎవరూ అనలేరు. 1926లో పదకొండవ పయస్ పాపుగారు నెలకొల్పిన ప్రపంచ వేదబోధ ఆదివారం అక్టోబరులో వస్తుంది, దూరదేశాల కోసం చందా కవర్లు ఇంటింటికీ అందుతాయి. ఆ రోజు భోజనానికి అతిథులు వస్తారు కనుక పనిమనిషిని వారపు సెలవు మాని ఉదయం ఏడింటికే రమ్మన్నాము. కవరు ఫ్రిజ్ మీద సిద్ధంగా ఉంది. ఈ నెల ఆమె ఎన్ని రోజులు మానిందో లెక్క తేలాక అందులో ఎంత పెట్టాలో నిర్ణయిస్తాము.