తాతగారి గడ్డం కత్తిని సాన చక్రానికి ఇవ్వకండి

ఈ వారంలో నలుగురు స్నేహితులు ఒకే మెసేజ్ పంపారు, "తాతల నాటి గడ్డం కత్తిని కొత్తదానిలా చేసే ఐదు చిట్కాలు" అని. రాత్రంతా నిమ్మరసం, ఉప్పులో నానబెట్టాలట. వీధిలోకొచ్చే సాన చక్రం మీద పట్టించాలట. రాయి కొంటే జపాన్‌దే, అదీ బాగా ఖరీదైనదే కొనాలట. తల వెంట్రుక తెగితే గడ్డానికి సిద్ధమట. చివర్లో అరచేతి మీద నూరాలట. ఆరేళ్ళుగా పాత కత్తులు బాగుచేస్తున్నాను కాబట్టి నన్ను అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెబుతున్నా.

నిమ్మరసం, ఉప్పు: వద్దు. పులుపు తుప్పుతో ఆగదు, ఉక్కునూ తింటుంది. ఉప్పు తగిలితే కొత్త తుప్పు పడుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ ఊళ్ళలో చేసిన కత్తుల మీద బంగారు పూతతో అక్షరాలుంటే అవీ పోవచ్చు. నూనె, సన్నటి ఎమెరీ కాగితం, ఓపిక చాలు.

అసలు కోపం రెండో చిట్కా మీద. ఒక మిత్రుడు మెసేజ్ నమ్మి వాళ్ళ తాతగారి షెఫీల్డ్ కత్తిని చక్రం మీద పట్టించాడు. రెండు నిమిషాల్లో వాదర నీలంగా మారింది. ఉక్కు మీద ఆ నీలం తేలిందంటే అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టు. కార్బన్ స్టీల్‌ను కాల్చి, చల్లార్చి తెచ్చిన గట్టిదనం ఆ చోట పోయినట్టే. ఇక ఏ రాయి మీద నూరినా పదును నిలవదు. నీలం పడినంత మేరా అరగదీసెయ్యాలి. ఆ తర్వాత కత్తిలో మిగిలేదెంత?

వేడి ఒక్కటే కాదు. ఈ కత్తికి వెన్ను మందం, వాదర కాగితమంత పల్చన. నూరేటప్పుడు వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనాలి. పదును కోణాన్ని నిలబెట్టేది వెన్ను మందమే. గిర్రున తిరిగే చక్రానికి రెండూ ఒకేసారి సమంగా ఎలా ఆనుతాయి? కూరగాయల కత్తికీ దీనికీ తేడా తెలియని మనిషి చిట్కాలు రాయడమేమిటి? వందమందికి పంపేముందు ఒక్కరైనా ఆలోచించరా?

రాళ్ళ సంగతి. గ్రిట్ అంటే రాయి గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ రాయి సన్నం. ముందు 1000 గ్రిట్ రాయి మీద రెండు పక్కలూ వాదర పొడవునా కలవాలి. అది కలవకుండా 12000 రాయి మీద ఎంత రుద్దినా మెరుపొస్తుంది, పదును రాదు. తర్వాత 4000, 8000. గడ్డం గీసుకోవడానికి అది చాలు. జపాన్ రాళ్ళు మంచివే. కానీ బెల్జియం ఆర్డెన్ ప్రాంతంలో తవ్వే కోటిక్యూల్ రాయి మీద కూడా తరతరాలుగా గడ్డం కత్తులు నూరుతున్నారు. దాన్లోని గార్నెట్ అనే గట్టి ఖనిజపు సన్నటి రేణువులే ఉక్కును కోస్తాయి. ఖరీదు కంటే ముందు చూడాల్సింది రాయి సమంగా ఉందా అని. వాడేకొద్దీ మధ్యలో గుంట పడుతుంది. మందపాటి అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి, నీళ్ళు పోసి, రాయిని అప్పుడప్పుడూ సమం చెయ్యాలి. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

వెంట్రుక పరీక్ష: ఒకరి జుట్టు మందం, ఇంకొకరిది పల్చన. వదిలెయ్యండి.

అరచేతి మీద నూరడం మాత్రం నిజం. మొదట నేనూ కొట్టిపారేశాను. పాతకాలం క్షురకులు అలాగే చేసేవారని ఒక పెద్దాయన చెబితే, రాయి పని, తోలుపట్టీ పని అయ్యాక చేసి చూశాను. వెన్ను ముందు, వాదర వెనక, చాలా తేలిగ్గా. గడ్డం గీసుకుంటే కత్తి మెత్తగా సాగింది. ఇప్పుడు రోజూ అలాగే చేస్తున్నాను.