బస్సు దారిలో మనవాడి కారు

ఇప్పుడే ఇంటికి చేరాను. చెమట ఆరింది గాని కోపం ఆరలేదు. అన్నం కూడా వండుకోకుండా ఇది రాస్తున్నాను.

సాయంత్రం ఆరు గంటలకు టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నడిబొడ్డు నుంచి కిమారా వైపు వెళ్లే బస్సు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. చూడనివాళ్లు పుష్కరాల నాటి ప్యాసింజరు రైలును తలచుకోండి. ఎవరి సంచిలోదో పైనాపిల్ నా వీపులో గుచ్చుకుంటూ ఉండగా మాగొమెని కూడలి దాకా వచ్చాం. అక్కడ మా బస్సు ఆగిపోయింది. బస్సుల కోసమే రోడ్డు నడుమ విడిగా వేసిన దారిలోకి ఒక పెద్ద నల్ల కారు దూరి, కూడలిలో అడ్డంగా ఇరుక్కుంది. వెనక బస్సు నిండా జనం, ముందు కారులో ఒక్కడు. మా డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

ఎవరా అని కిటికీలోంచి తొంగి చూస్తే, మనవాడే! మొన్న ఉగాదినాడు పంచాంగ శ్రవణం అయ్యాక, పులిహోర పళ్లెం చేత పట్టుకొని, "ఈ ఊరివాళ్లకు క్రమశిక్షణ లేదండీ, అసలు రోగం అదీ" అని అరగంటసేపు ఉపన్యాసం ఇచ్చిన పెద్దమనిషి. నన్ను గుర్తుపట్టి చెయ్యి కూడా ఊపాడు.

నా పక్కన నిలబడ్డ పెద్దావిడ నా మొహం చూసి "పోలే" అంది. అయ్యో పాపం అన్నట్టుగా ఇక్కడ అందరూ అనే మాట అది. ఆ చెయ్యి ఊపింది నాకేనని తెలిస్తే ఏమనేదో!

ఈ బస్సును జనం మ్వెండోకాసి అంటారు. వేగంగా పోయేది అని అర్థం. 2016 మే నెలలో మొదలైంది. కిమారా నుంచి ఊళ్లోకి రావడానికి రెండు గంటలు పట్టిన రోజులు చూసినవాళ్లకు అది పండగే. స్టాపుల్లో బస్సు లోపలి నేల ఎత్తుకు సరిపోయే అరుగులు, మెట్లెక్కే పని లేదు, చక్రాల కుర్చీ తిన్నగా లోపలికి వెళ్తుంది. 2018 సంవత్సరానికి సుస్థిర రవాణా పురస్కారం కూడా వచ్చింది. ఆఫ్రికాలో ఆ పురస్కారం అందుకున్న మొదటి నగరం ఇదే. పురస్కారం అందింది సరే, ఎక్కేవాళ్లకు తగ్గ బస్సులు అందాలిగా. 2002లో పాతిక లక్షలున్న ఊరు 2022 జనాభా లెక్కలకు 53 లక్షలు దాటింది. బస్సులు మాత్రం కొత్తకోడలిలా బిడియపడుతూ ఎప్పుడో ఒకటి వస్తాయి. ఎంబగాలా వైపు ఇంకో దారి వేశారు. రోడ్డు సిద్ధమై, అరుగులు సిద్ధమై, బస్సులు లేక ఎంతకాలం ఖాళీగా ఎండిందో అటువైపు వాళ్లను అడగండి. పెళ్లి పందిరి వేసి పెళ్లికొడుకును మరచిపోయినట్టు!

బస్సులు నిలిపే డిపో సంగతి చెబితే నవ్వుతారు. జాంగ్వానీలో కట్టారు. స్వాహిలిలో జాంగ్వా అంటే ఎడారి. పేరు చూసి మోసపోయారో ఏమో, అది ఎంసింబాజీ నది పల్లం. వాన గట్టిగా కురిసి ఎడారిలో వరద వచ్చింది, డిపో మునిగింది, బస్సులు పాడయ్యాయి. ఒకసారి కాదు. పల్లంలోకి నీళ్లు వస్తాయని తెలుసుకోవడానికి ఏ పంచాంగం కావాలి?

మిగతా ఊరికి దాలాదాలాలే దిక్కు. అవి ప్రైవేటు చిన్న బస్సులు, దారికో రంగు చార. కండక్టరును కొండా అంటారు. వచ్చిన కొత్తలో ఆ పిలుపు వినగానే నాకు ఏడుకొండలు గుర్తొచ్చేవి. ఇప్పుడు ఏ దేవుడూ గుర్తురాడు. బడి పిల్లల టికెట్టు పెద్దవాళ్లదాంట్లో సగం కూడా ఉండదు కనుక, యూనిఫాం కనబడగానే కొండా తలుపుకు అడ్డంగా నిలబడతాడు. పొద్దున్నే స్టాపులో చూడండి, ఎనిమిదేళ్ల పిల్ల వరసగా నాలుగు బస్సులకు పరుగెత్తి నాలుగింట్లోనూ చోటు దొరక్క నిలబడి ఉంటుంది. ఆ కొండాను తిట్టి ఏం లాభం? సాయంత్రానికి యజమానికి లెక్క ప్రకారం డబ్బు కట్టాలి, మిగిలిందే వాడి కూలి. పిల్లల టికెట్టులో తగ్గిన సొమ్ము సర్కారు భరించవచ్చు కదా అంటే, ఆ మాట వినాల్సినవాళ్లు బస్సెక్కరు. బస్సెక్కేవాళ్ల మాట ఎవరూ వినరు.

మన దగ్గర ఏదో పొడిచేశామని కాదు. మా విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, అంటే బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్ రోడ్డు. ఆటో అతనికి ఆ పేరు చెబితే కళ్లు మూసుకొని తీసుకెళ్తాడు. ఆ అక్షరాల్లో ఒకటి బస్సుదని ఎవరికీ పట్టదు. మా నాన్న ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సిటీ బస్సులోనే తిరిగాడు. మా పిన్ని పెళ్లికి బస్సు దిగి, ఎండలో నడిచి, చెమటతో తడిసి మండపానికి వస్తే, మా మేనమామ గుమ్మంలోనే, నలుగురి ముందు, "బావగారూ, ఆటో డబ్బులు నేను ఇచ్చేవాడిని కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ నవ్వు ఇవాళ మాగొమెని కూడలిలో మళ్లీ వినబడింది.

ఇది రాస్తుండగానే ఫోను మోగింది. ఆ పెద్దమనిషి సందేశం: "తమ్ముడూ, బస్సులో కనిపించావు. ముందే చెబితే కారులో ఎక్కించుకునేవాడిని కదా!"

ఎక్కించుకొని ఎక్కడికి తీసుకెళ్లేవాడట? కూడలి మధ్యకా?