జీపీఏ చేతికొస్తే సైటు మనదైపోతుందా?

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. కె.ఆర్.పురం, హొరమావు వైపు రెవెన్యూ సైట్లు (లేఅవుటు అనుమతి లేకుండా వ్యవసాయ భూమిలో వేసిన ప్లాట్లు) బేరమాడేవాళ్ళకు బ్రోకర్లూ ఇదే పాఠం అప్పజెబుతున్నారు. జీపీఏ (ఓనరు తన తరఫున వ్యవహారాలు చూడమని ఇచ్చే అధికారపత్రం), అమ్మకం అగ్రిమెంటు, వీలునామా మూడూ రాయించుకుంటే సేల్ డీడ్ అక్కర్లేదట. జీపీఏలో ‘ఇర్రివొకబుల్’ (రద్దు చేయడానికి వీల్లేనిది) అని ఉంటే ఓనరు ఏమీ చేయలేడట. ఆస్తిపన్ను ఖాతాలో పేరు మారితే ఇక తిరుగే లేదట.

ముందు ఆ మూడు కాగితాల సంగతి. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండి తీరాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ అంటోంది. ఒట్టి అగ్రిమెంటుతో ఆస్తిలో ఏ హక్కూ రాదన్నదీ అందులోనే ఉంది. వీలునామా అంటారా, రాసినాయన బతికుండగా అమల్లోకి రాదు, ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ మూడు కాగితాల అమ్మకాన్నే పట్టుకుని, దీంతో యాజమాన్యం మారదని తేల్చేసింది. అలాగని జీపీఏలన్నీ చెల్లవని కాదు. అమెరికాలో ఉన్న కొడుకు తండ్రికి జీపీఏ ఇచ్చి, ఆయన చేత సేల్ డీడ్ రిజిస్టర్ చేయిస్తే ఏ ఇబ్బందీ లేదు.

‘ఇర్రివొకబుల్’ మాటకొస్తే, బెంగళూరు సౌత్ తాలూకా సైటు కేసే ఉంది. 1986లో ఓనరు ఆ మాట రాసే జీపీఏ ఇచ్చాడు, రిజిస్టర్ కాని అగ్రిమెంటు కూడా. 1997లో ఆయన పోయాడు. ఆ తర్వాత 1998లో జీపీఏ పట్టుకున్నావిడ తన కొడుకు పేరున సేల్ డీడ్ రిజిస్టర్ చేసింది. ఓనరు వారసులేమో 2003లో అదే సైటు ఇంకొకరికి అమ్మేశారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వారసుల దగ్గర కొన్న వైపే నిలబడింది: ఓనరు పోయాక ఆ జీపీఏకు బలం లేదు, దాని మీద ‘ఇర్రివొకబుల్’ అని రాసినా సరే.

ఖాతా ఎవరు పన్ను కట్టాలో చెప్పే లెక్క, అంతే. పన్ను రసీదులు కట్టలు కట్టి దాచినా హక్కు పుట్టదు.

మెసేజ్ దాచిన అసలు ప్రమాదం వేరే ఉంది. రిజిస్టర్ చేయకుండా నోటరీతో సరిపెట్టిన కాగితం ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడదు. రేపు ఓనరు అదే ఖాళీ సైటును ఇంకొకరికి చూపిస్తే, వాళ్ళు ఈసీ తీస్తారు, శుభ్రంగా కనిపిస్తుంది, డబ్బిచ్చి రిజిస్టర్ చేయించుకుంటారు. అప్పుడు కోర్టుల చుట్టూ తిరిగేది మనమే.

ఇప్పటికే ఇలా కొన్నవాళ్ళు ఓనరు ఉండగానే సేల్ డీడ్ చేయించుకోవాలి. కాదంటే అగ్రిమెంటు అమలు చేయించమని దావా వేయొచ్చు. దానికి గడువు మూడేళ్ళే. అగ్రిమెంటులో తేదీ రాసుంటే ఆ రోజు నుంచి, లేకపోతే ఓనరు చేయనన్నాడని మనకు తెలిసిన రోజు నుంచి లెక్క.