భయపడండి, ఈఎంఐ సౌకర్యం కలదు

భయాన్ని గుమ్మం దాకా తెచ్చి ఉచితంగా పంచేవాళ్లకు ఈ దేశంలో ఇంతవరకూ ఒక్క పద్మశ్రీ కూడా రాకపోవడం అన్యాయం. మిట్టమధ్యాహ్నం ఎండలో, మెడకు టై బిగించుకుని వాటర్ ప్యూరిఫయర్ అమ్మడానికి వచ్చే కుర్రాడి గురించే నేను చెప్పేది.

రాగానే రెండు గాజు గ్లాసులు అడుగుతాడు. ఒకదాంట్లో మన కుళాయి నీళ్లు, రెండోదాంట్లో తను తెచ్చిన ఆర్వో నీళ్లు. లోహపు కడ్డీలున్న ఒక పరికరాన్ని రెండింట్లోనూ ముంచి స్విచ్ వేస్తాడు. చూస్తుండగానే మన గ్లాసు పసుపెక్కి, ఎర్రబారి, వరద గోదారిలా తయారవుతుంది. అతని గ్లాసు మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. "చూశారా మేడమ్, పిల్లలకి రోజూ తాగిస్తున్నది ఇదే." మేడమ్ సార్ వైపు చూస్తుంది. సార్ పర్సు వైపు చూస్తాడు.

ఆ రంగు నీళ్లది కాదు, కడ్డీలోని ఇనుముది. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి కనుక కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ, కాబట్టి ఏమీ జరగదు. తళతళలాడే గ్లాసులో చిటికెడు ఉప్పు వేస్తే దాని బతుకూ అంతే. దయచేసి వేయకండి, కుర్రాడికి ఈ నెల టార్గెట్ ఉంటుంది. ఇంటికో ఇంజనీరున్న తెలుగునాట, ఇంటర్లో బట్టీపట్టిన ఎలక్ట్రాలిసిస్ ఆ నిమిషంలో ఒక్కరికీ గుర్తురాదు!

తర్వాత నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపే టీడీఎస్ మీటరు తీస్తాడు. "మూడొందలు!" అంటాడు గొంతు తగ్గించి. ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటుంది. వేరే నీళ్లే దొరక్కపోతే 2000 దాకా సర్దుకోమంటుంది. కానీ బీఐఎస్‌కి గొంతు తగ్గించి మాట్లాడటం రాదు.

ఆ మీటరు బ్యాక్టీరియాను పట్టుకోలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కూడా చెప్పలేదు. నల్గొండ జిల్లాలో తరాల తరబడి ఎముకలు వంచేసిన ఫ్లోరైడ్‌కి రంగు లేదు, కంటికి ఆనదు. మర్రిగూడ వైపు అది చేసిన పనికి డెమో అక్కర్లేదు. అక్కడ ఈఎంఐ కట్టగలిగేవాళ్లు కూడా తక్కువేలెండి.

భయపెట్టి అమ్మే ఈ విద్యలో మనవాడు కొత్తేమీ కాదు. 1920లలో అమెరికాలో లిస్టరిన్ అనే మౌత్‌వాష్ వాళ్లు నోటి వాసనకు 'హాలిటోసిస్' అనే వైద్యభాష పేరు తగిలించి, దానివల్ల పెళ్లిళ్లే కావని బెదిరించి సీసాలు అమ్ముకున్నారు. మన ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలూ ఏళ్ల తరబడి ఆ పెళ్లి భయం మీదే బతికాయి.

ఆర్వో కొన్నాక కథ అయిపోయిందనుకుంటాం. సర్వీసుకి వచ్చిన కుర్రాడు మూత విప్పి, నిట్టూర్చి, "ఈ నీళ్లలో మినరల్స్ అన్నీ పోతాయి మేడమ్, పిల్లల ఎముకలకి మంచిది కాదు" అంటాడు. పోయిన మినరల్స్‌ని తిరిగి కలిపే క్యాట్రిడ్జ్ అతని బ్యాగులోనే ఉంటుంది. కాపర్ కలిపేది కావాలన్నా ఉంటుంది. ఏడాది సర్వీసు ఒప్పందం, అదే ఏఎంసీ, కట్టాం కదా అంటారా? "అది ఏఎంసీలో రాదు మేడమ్."