రుజువైన ప్రోగ్రాం సరే, శివారు దాకా తెచ్చేదెవరు?

ఏడాదికి రెండే ఇంజక్షన్లు, ఆరు నెలలకొకటి, వేయించుకుంటే హెచ్‌ఐవి సోకదు అని వార్త వచ్చినప్పుడు మా పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూప్ ఆ రోజంతా మోగుతూనే ఉంది. మోగాల్సిన విషయమే మరి. లెనకపవిర్ అనే ఆ మందుని దక్షిణాఫ్రికాలో, ఉగాండాలో అమ్మాయిలకి ఇచ్చి చూస్తే 2,134 మందిలో ఒక్కరికి కూడా ఇన్ఫెక్షన్ రాలేదని 2024లో తేలింది. దాని జనరిక్ తయారుచేసే వాళ్లలో మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి, 2027 నుంచి పేద, మధ్యస్థ దేశాలకి మనిషికి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు కూడా. ఈ జబ్బుతో మనుషులు పోవడం కళ్లారా చూసినవాడిగా నాకు ఇంతకన్నా సంతోషం ఇంకోటి లేదు.

కానీ ఒక మాట చెప్పాలి. పనిచేసే ఉపాయం లేక మనం ఇన్నాళ్లు ఆగలేదు. కండోమ్ పనిచేస్తుందని ఎప్పట్నుంచో తెలుసు. పాజిటివ్ మనిషికి మందులు మొదలుపెట్టేస్తే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిపోతుందని 2011లోనే రుజువైంది. కడుపుతో ఉన్న తల్లికి మందులు ఇస్తే బిడ్డని దాదాపుగా కాపాడుకోవచ్చని అంతకంటే ముందే తెలుసు, మన దేశంలో హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ఫ్రీ. ఇన్ని తెలిసీ 2021 అంచనాల్లో దేశం మొత్తానికి పెద్దవాళ్లలో హెచ్‌ఐవి 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, అంటే మూడు రెట్లు. మందులు వేసుకుంటూ ఎక్కువకాలం బతికేవాళ్లు పెరగడం కూడా ఆ లెక్కలో ఉంది, అది మంచిదే, కానీ కొత్తగా సోకడం మాత్రం ఆగిపోలేదు.

మా గోదావరి జిల్లాల్లో వ్యవసాయం ఎరిగిన వాళ్లకి ఇది తెలిసిన సంగతే. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ నిండుగా ఉంటుంది, మెయిన్ కాలువ గట్టు ఒరుసుకుని పారుతుంది, అయినా శివారు చేలో నెర్రెలు తీస్తాయి, ఎందుకంటే పంట బోదె పూడిపోయి ఉంటుంది, తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుంది, దాన్ని చూసుకునే లస్కరు ఉండడు. నీళ్లు వదిలిన లెక్క మాత్రం ఆఫీసులో పక్కాగా ఉంటుంది. హెచ్‌ఐవి విషయంలో ఆ పంట బోదెలు కమ్యూనిటీ సంస్థలు, ఆ లస్కర్లు పీర్‌లు, అంటే సోకే ప్రమాదం ఉన్న జనంలోంచే వచ్చి ఆ జనం మధ్యే పనిచేసేవాళ్లు. నేను రాస్తున్నది వాళ్ల గురించే.

2007లో నేను రాజమండ్రిలో ఒక ఎన్‌జీవోలో అవుట్‌రీచ్ వర్కర్‌గా చేరాను, అప్పటికి నాకు 23 ఏళ్లు, ఈ ఫీల్డ్ గురించి తెలిసింది సున్నా. నాకు పని నేర్పింది ట్రైనింగ్‌లు కాదు, స్టేషన్ బయట పూలమ్ముకునే ఒక అక్క. కడియపులంక మార్కెట్ నుంచి పొద్దున్నే పూలు తెచ్చి మూరలు కట్టుకుని కూర్చునేది, బుట్టలో పూల కింద తడిగుడ్డ, దాని కింద ప్లాస్టిక్ కవర్లో కండోమ్‌లు. ఆవిడ కూడా ఒకప్పుడు ఫీల్డ్‌లో, అంటే సెక్స్ వర్క్‌లో, ఉన్న మనిషే, తర్వాత మా దగ్గర పీర్ అయింది. చదువు రాదు కాబట్టి మేం ఇచ్చింది బొమ్మల షీటు, ఒక్కో వరసకి ఒక్కో మనిషి, కలిసిందా లేదా, కండోమ్‌లు ఎన్ని తీసుకుంది, క్లినిక్‌కి వచ్చిందా, అన్నిటికీ బొమ్మలు, టిక్కు పెడితే చాలు.

ఆవిడ టిక్కులతో ఆపేది కాదు, కొన్ని వరసల పక్కన పెన్నుతో చుక్కలు పెట్టేది. ఏంటక్కా ఇవి అంటే చెప్పింది. ఒక చుక్క ఉంటే ఆ మనిషికి మొగుడు సంచి వెతికే రకం, కండోమ్‌లు ఇంటికి తీసుకెళ్లలేదు, ఏ పూటకి ఆ పూట ఇక్కడే చేతికివ్వాలి. రెండు చుక్కలుంటే వడ్డీవాడు వారం వారం వచ్చి కూర్చుంటున్నాడు. "అప్పున్న వారం అది ఎవుణ్ణీ కాదనలేదు తమ్ముడూ, వంద ఎక్కువిస్తాను తొడుగొద్దంటే ఒప్పేసుకుంటది, ఆ వారం దాన్ని రెండుసార్లు కలవాలి" అంది. నెలాఖరుకి ఆ షీట్లు ఆఫీసుకి వచ్చేవి, కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు టిక్కులు ఎక్కాయి, చుక్కలు ఎక్కలేదు. ఎక్కించింది నేనే. చుక్కలకి కాలమ్ లేదు, నేను కూడా వాటి గురించి ఎవరినీ అడగలేదు.

తర్వాత చాలా ఏళ్లకి, రాజమండ్రి చుట్టుపక్కల సెక్స్ వర్కర్ల మీద అదే రోజుల్లో జరిగిన స్టడీ ఒకటి చదివాను. ఎంత తీసుకోవాలి, దేనికి ఒప్పుకోవాలి అన్నది తన చేతిలో ఉన్న ఆడమనిషి కండోమ్ ఎప్పుడూ వాడే అవకాశం ఎక్కువ అని అందులో తేల్చారు. ఆ పేజీ చదువుతుంటే నాకు బుట్ట పక్కన కూర్చుని పెన్ను పట్టుకున్న అక్కే కనపడింది, స్టడీలో ఉన్నది ఆవిడ రెండు చుక్కలే కదా అనిపించింది.

ఒకచోట రుజువైన ప్రోగ్రాంని ఇంకోచోట పెట్టాలంటే ఏం కావాలి అన్నదాని మీద అమెరికాలో చాలా పని జరిగింది. మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ అనే చిన్న ఊళ్లో 1990 ప్రాంతంలో ఒక ప్రయోగం చేశారు, గే బార్‌లలో అందరూ ఎవరి మాట వింటున్నారో బార్‌లో పనిచేసేవాళ్లని అడిగి కనుక్కుని, ఆ మనుషులకి నాలుగు క్లాసులు చెప్పి, మీ స్నేహితులతో మామూలుగా మాట్లాడినట్టే జాగ్రత్తల గురించి మాట్లాడండి అన్నారు. రిస్క్ బాగా తగ్గింది. తర్వాత 2000ల మొదట్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇలాంటి రుజువైన పద్ధతుల్ని ప్యాకేజీలుగా చేసి, ట్రైనింగ్ ఇచ్చి, కమ్యూనిటీ సంస్థల చేతిలో పెట్టింది. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి గానీ అసలు ముక్కలు మాత్రం తీసేయకండి అని షరతు.

ఇది మాకు ఆత్రేయపురం పూతరేకుల్లాంటిది. లోపల పంచదార వేస్తావో బెల్లం వేస్తావో జీడిపప్పు వేస్తావో నీ ఇష్టం, కానీ బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి గుడ్డతో లాగితేనే రేకు వస్తుంది, పెనం మీద పోస్తే అట్టు వస్తుంది. మరి మన ప్రోగ్రాంలో కుండ ఏది, బెల్లం ఏది అన్నది ముందే కూర్చుని తేల్చుకోవాలి, మనం తేల్చుకోలేదు. బిలాక్సీ పద్ధతిలో వందకి కనీసం 15 మందికి ట్రైనింగ్ ఇవ్వాలన్నది ఒక అసలు ముక్క. మన టార్గెటెడ్ ఇంటర్వెన్షన్లలో, అంటే రిస్క్ ఎక్కువున్న వాళ్ల కోసం ప్రభుత్వం ఎన్‌జీవోలతో నడిపించే ప్రాజెక్టుల్లో, సుమారు 60 మందికి ఒక పీర్. రెండూ ఒకే పద్ధతి కాదు, నిజమే, మన పీర్ రోజూ తిరిగే మనిషి, అక్కడ కబుర్ల మీద నడిచే పని, అయినా 60 మంది కష్టసుఖాలు, అప్పులు, మొగుళ్ల సంగతులు ఒక్క మనిషి బుర్రలో పెట్టుకుని వాటితో పాటు ఫారాలు నింపుతూ టెస్టుల టార్గెట్ కూడా పూర్తి చేయాలంటే ఎలా అవుద్ది?

అట్లాగని ప్యాకేజీని ఉన్నదున్నట్టు దింపినా పనవుతుందని లేదు. అదే బిలాక్సీ పద్ధతిని ఐదు దేశాల్లో పెద్ద ఎత్తున పరీక్షించారు, మన దేశంలో చెన్నైలో వైన్ షాపుల దగ్గర చేశారు. 2010లో ఫలితాలు వస్తే, ఆ పద్ధతి పెట్టిన చోటా పెట్టని చోటా రెండిట్లోనూ రిస్క్ తగ్గింది, మధ్యలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పెట్టని చోట కూడా టెస్టులు, కౌన్సెలింగ్, సుఖరోగాలకి ట్రీట్‌మెంట్ చక్కగా ఇచ్చారు మరి. చాలామంది దీన్ని ఫెయిల్యూర్ అంటారు, నేను అలా చదవను. మనిషిని గౌరవంగా పలకరించి, టెస్ట్ చేసి, జబ్బుంటే మందిచ్చి, మళ్లీ రమ్మని చెప్పే సర్వీస్ అందుబాటులో ఉంటే అదొక్కటే చాలా పని చేస్తుందని నాకు అర్థమైంది, మన పీహెచ్‌సీల్లో అది ఎంతమందికి దొరుకుతోందో ఈ ప్రాంతం వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో గట్టిగా నిలబడిన ఉదాహరణ కోల్‌కతాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ పని మొదలుపెట్టినప్పుడు జబ్బు గురించి ఉపన్యాసాలు ఇవ్వకుండా ఈ పనిలో మీకు కష్టం ఏంటి అని అడగడంతో మొదలైంది, పోలీసులు, రౌడీలు, వడ్డీలు, పిల్లల చదువు, అన్నీ ఆ తర్వాత ప్రోగ్రాంలోకి వచ్చాయి, సెక్స్ వర్కర్లే దర్బార్ అని సంఘం పెట్టుకుని సొంతంగా నడుపుకున్నారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అవాహన్ అనే హెచ్‌ఐవి నివారణ ప్రోగ్రాం మొదలై మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో పనిచేసింది, మొదటి ఐదేళ్లలో లక్ష ఇన్ఫెక్షన్లు ఆపి ఉంటుందని ఒక అంచనా. ఆ రోజుల్లో రాజమండ్రిలో డ్రాప్ ఇన్ సెంటర్ అంటే ఒక అద్దం, ఒక బాత్‌రూమ్, పడుకోడానికి చాపలు, మధ్యాహ్నం రెండు గంటలు ఎవరూ ఏమీ అడగని చోటు. పోలీసులు ఎత్తుకెళ్తే అర్ధరాత్రి ఫోన్ చేస్తే స్టేషన్‌కి వెళ్లే టీమ్ ఉండేది. కండోమ్ పట్టుకుని తిరిగితే కేసు రాస్తారన్న భయం ఉన్నంతకాలం బుట్ట అడుగున ఎన్ని పెట్టినా వృథా కదా. కండోమ్‌ని నేరానికి సాక్ష్యంగా చూపకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2022 మే వచ్చింది, ఆ మాట ఏ స్టేషన్ దాకా చేరిందో అడిగి తెలుసుకోవాల్సిన పని ఈ సంస్థలదే.

అవాహన్ తర్వాత పని ప్రభుత్వం చేతికి వచ్చింది, రావాల్సిందే, బయటివాళ్ల డబ్బు మీద ఎల్లకాలం నడవదు. కానీ దాటే దారిలో ఏం జారిపోయిందో చూడండి. టెస్టులు ఉన్నాయి, కండోమ్ లెక్కలు ఉన్నాయి, కౌన్సెలర్ ఉన్నారు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే టీమ్ పోయింది, చాపలున్న గది చాలాచోట్ల ఆఫీసు గది అయిపోయింది, అంటే కుండ పక్కనపెట్టి బెల్లం దగ్గరపెట్టుకున్నాం. పీర్‌ల గౌరవ వేతనం మాటకొస్తే, నేను చివరిగా పనిచేసిన ఒక సంస్థలో వరసగా నాలుగు నెలలు పడలేదు, పైనుంచి గ్రాంట్ రాలేదన్నారు, కింద ఉన్నవాళ్లు మాత్రం హాట్‌స్పాట్‌లకి, అంటే కస్టమర్లు దొరికే చోట్లకి, సొంత డబ్బులతో ఆటోలెక్కి తిరిగారు. బయటి డబ్బు ఎంత నమ్మకమో 2025 జనవరిలో అమెరికా సాయం ఆగినప్పుడు చూశాం, హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం ట్రాన్స్‌జెండర్లే నడిపిన మిత్ర్ క్లినిక్ మూతపడింది, కొన్ని నెలలకి వేరేవాళ్ల డబ్బుతో సబ్‌రంగ్ అన్న పేరుతో మళ్లీ తెరుచుకుంది. డాక్టరు, కౌన్సెలరు, హార్మోన్ల సలహా, హెచ్‌ఐవి టెస్టు ఒకే గడప లోపల దొరికే చోటు అది. మూతపడిన ఆ నెలల్లో అక్కడికి వచ్చేవాళ్లని పెద్దాసుపత్రి ఓపీ క్యూలో నిలబడమంటే ఎంతమంది నిలబడి ఉంటారు?

ఈలోగా డెల్టా కూడా మారిపోయింది. హాట్‌స్పాట్ మ్యాపులు బస్టాండ్, స్టేషన్, లాడ్జి, హైవే దాబా అని గీస్తున్నారు, రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర లారీలు ఇప్పటికీ ఆగుతాయి గానీ వ్యవహారమంతా ఫోన్‌లోకి వెళ్లిపోయింది, కలుసుకోవడం యాప్‌లో, డబ్బు ఫోన్‌పేలో, చోటు ఏదో ఒక అద్దె ఇల్లు. మగవాళ్లతో కలిసే మగవాళ్ల సంగతైతే మరీను, పెళ్లయి పిల్లలున్నవాళ్లు, ఏ మ్యాపులోనూ దొరకరు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద, ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు, ఆడపిల్లలు ఉన్నారు, తెలుగు పోస్టర్ వాళ్లకి ఏం చెప్తుంది? వీళ్లని వెతికి పట్టుకునేది ఫారం కాదు, వాళ్లలో ఒక మనిషే.

అందుకే 2027కి ఇంజక్షన్ వచ్చినా రాకపోయినా ఇప్పుడే చేయాల్సినవి ఉన్నాయని నా గట్టి నమ్మకం. పీర్ డబ్బు గ్రాంట్ కోసం ఆగకుండా నెల మొదట్లోనే పడే ఏర్పాటు కావాలి. జిల్లాలో ప్లాన్ రాసే బల్ల దగ్గర పీర్‌లు, హెచ్‌ఐవి ఉన్నవాళ్ల సంఘమైన పాజిటివ్ నెట్‌వర్క్ వాళ్లు కూర్చోవాలి, టీ ఇచ్చి ఫొటో తీయడానికి కాదు, ఏ ముక్క ఉంచాలి ఏది మార్చాలి అని తేల్చడానికి. రిపోర్ట్ ఫార్మాట్‌లో చుక్కలకి చోటు ఉండాలి, ఎవరి పేరూ బయటపడకుండానే ఈ నెల ఎంతమంది అప్పుల్లో ఉన్నారు, ఎంతమందికి ఇంట్లో దెబ్బలు అన్నది పైకి తెలియాలి, దాన్ని బట్టి డబ్బు కదలాలి. గుట్టు విషయంలో ఇంకా కటువుగా ఉండాలి, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా స్టేటస్ బయటపెట్టడం తప్పు, పల్లెటూళ్లో ఒక్కసారి పేరు బయటికొస్తే ఆ వీధి నుంచి ఇంకెవరూ టెస్ట్‌కి రారు, మా అనుభవం అది.

ఆరు నెలలకోసారి ఇంజక్షన్ అంటే ఆరు నెలల తర్వాత ఆ మనిషి ఎక్కడుందో తెలిసిన మనిషి ఉండాలి. ఫీల్డ్‌లో ఉన్న ఆడవాళ్లు ఊళ్లు మారతారు, నంబర్లు మారతారు, పేర్లు కూడా మారతారు. వేసే ముందు ప్రతిసారీ టెస్ట్ చేయాలి, డోసు ఆలస్యమైతే మందు రక్షణ తగ్గుతుంది, ఆ సమయంలో సోకితే వైరస్ మందుకి లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. ఇవన్నీ అర్థమయ్యేలా చెప్పి, తేదీ గుర్తుపెట్టుకుని, తీసుకొచ్చే వాళ్లని ఇప్పటినుంచే తయారుచేసుకోవాలి, మానేసి వెళ్లిపోయిన పాత పీర్‌లని వెతికి పిలవాలి, వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మా అక్క పీర్ పని మానేసి చాలా ఏళ్లైంది, ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్యలు వలిచే షెడ్‌లో పనిచేస్తోంది. మొన్న ఈ ఇంజక్షన్ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే షెడ్‌లో పనిచేసే ఒక పిల్లని కిందటి నెల తనే ఐసీటీసీకి, అంటే సర్కారు హెచ్‌ఐవి టెస్టు సెంటర్‌కి, తీసుకెళ్లిన కథ చెప్పింది, ఆటోకి 300 తనే పెట్టుకుందట. ట్రైనింగ్ ఏదైనా పెడితే వస్తావా అక్కా అన్నాను. వస్తాను గానీ ఆదివారం పెట్టించు, మిగతా రోజుల్లో అయితే కూలి పోద్ది అంది.